అత్తరు బండి

తుని
2 నవంబరు 1986

ఆపాకి చెల్లెలు మదీనా సలాములు.

ఊరు దాటగానే రాస్తానన్న ఉత్తరం తుని చేరాక రాస్తున్నాను, తిట్టుకో. అనకాపల్లిలో మొదలుపెడితే షరీఫా ఇంకు సీసా ఒలకబోసింది. పిల్లకి ఏడాది నిండగానే చేతులు ఎంత పొడుగయ్యాయో నువ్వు చూడాలి.

బండిలో కాపురం ఎలా ఉందని మన వీధిలో అందరూ నిన్ను అడుగుతూ ఉంటారు. బ్రహ్మాండంగా ఉందని చెప్పు. నజీర్ బావ ఆటోనగర్ షెడ్డులో వేసవంతా కూర్చుని కట్టిన ఇల్లు కదా! పగలు పడక మడిస్తే కొట్టు, పరిస్తే ఇల్లు. వెనక తలుపు దగ్గర స్టవ్ పెట్టుకునే అర, డ్రైవరు సీటు వెనక అత్తరు సీసాల అలమర. కుడిపక్క బల్ల మీద పిల్లకి చుట్టూ కర్రలు పెట్టి బావ చేసిన చిన్న పడక. బండి కదిలిందంటే ఆ ఊపుకి అది ఉయ్యాల అడక్కుండా నిద్రపోతుంది. ఇక్కడ ఒక ముసలావిడ చూస్తానని లోపలికి వచ్చి, బల్ల మీద తీరిగ్గా కూర్చుని, మా కోడలికి ఇంత వంటిల్లు లేదమ్మా అంటూ నా టీ తాగి వెళ్ళింది. బేరం మాత్రం చెయ్యలేదు.

బావ ఇంకా కోపంగానే ఉన్నారా? బయల్దేరిన రోజు తోడల్లుళ్ళిద్దరూ సలాం కూడా చెప్పుకోలేదు. మత ప్రచారానికి జమాత్‌తో తిరిగి వచ్చిన దగ్గర్నుంచి బావకి పోయినవాళ్ళ పేరున ఫాతిహా చదివి సాంబ్రాణి వేస్తే గిట్టదు. ఈయనకేమో గురువారం వచ్చిందంటే, జుమేరాత్ సాయంత్రం సాంబ్రాణి పొగ లేకపోతే అన్నం సహించదు. కొత్త బండిలో మొదటి రోజే కుంపటి ఏమిటని బావ అడగడం, నా బండిలో నా ఇష్టం అని ఈయన అనడం. కాగితాలు బావ షెడ్డు పేరున ఉన్నాయి కదా, ఆ మాటకి బావ ముఖం మాడిపోయింది. ఈయన తరఫున నేను క్షమాపణ అడిగానని చెప్పు. ఈయనకి మాత్రం తెలియనివ్వకు.

ఒక్కటే చిరాకు. ఎండ ముదిరేసరికి బండిలో పెట్రోలు వాసన వేస్తోంది. పిల్ల పడక దగ్గర మరీను. ఈయనకి చెబితే నవ్వారు.

"ఏటి పెట్రోలు? నాకు రాని వాసన నీకెక్కణ్ణుంచి వచ్చింది?"

అదీ నిజమే. కురుపాం మార్కెట్లో కళ్ళకి గుడ్డ కట్టుకుని, మూత తీసిన ప్రతి సీసాకీ పేరూ ఊరూ చెప్పి పందెం గెలిచిన మనిషి. ఆ ముక్కు ముందు నా ముక్కు ఎంత! కొత్త రంగు వాసన అయి ఉంటుందిలే అనుకున్నాను. నిన్న అలమర దులిపి సీసాలు పెద్దవీ చిన్నవీ అందంగా పేరిస్తే మాత్రం నా మీద ఇంతెత్తున లేచారు. ఏ సీసా ఎక్కడుండాలో అక్కడే ఉండాలట. పెళ్ళయిన కొత్తలో ఈ చాదస్తం లేదు.

రేపు రాజమండ్రి వైపు కదులుతాం. అక్కడ సీసాల కొట్టు కరీం బాషా గారి పేరు మీద రాయి, మాకు అందుతుంది.

నీ చేతి వంట మీద బెంగ పెట్టుకున్న
మదీనా


విశాఖపట్నం
7 నవంబరు 1986

మదీనాకి ఆపా దువా.

నువ్వు తిట్టుకోమన్నావు గనక నేను తిట్టను. నీ మాట నేనెప్పుడు విన్నాను? షరీఫాకి ఇంకు కడిగావా? నిమ్మచెక్క పెట్టి రుద్దు. ఇక్కడ గాలి పోర్టు వైపు నుంచి కొడుతోంది, ఆరేసిన బట్టలన్నీ ఖనిజం దుమ్ముతో ఎర్రబడుతున్నాయి. పక్కింటి నాగమణి తెల్ల చీరలు కట్టడమే మానేసింది. గోదావరి వాళ్ళకి ఇంకా అలవాటు కాలేదు పాపం.

ఇక అసలు సంగతి. బండి కంపెనీ నుంచి ఆటోనగర్‌కి మీ బావ పేరున ఒక ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. నాగమణి భర్త గంగాధరరావు గారు పోర్టు ఆఫీసులో పని కదా, ఆయన చదివిపెట్టారు. ఈ ఏడు అమ్మిన ఆ రకం బండ్లన్నీ ఒకసారి వెనక్కి తెమ్మంటున్నారట. అడుగున ఉన్న ఏదో రబ్బరు గొట్టం తీసేసి కొత్తది వేస్తారట. ఉచితంగానే. అందుకని మీరు ఒకసారి బండి తిప్పుకుని వచ్చి వెళ్ళండి.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. పెట్రోలు వాసన అన్నచోట ఆపి మళ్ళీ చదవమన్నారు. దావూద్‌కి వాసన రాలేదన్నాడా అని అడిగారు. రాలేదన్నాడని చెప్పాను. అప్పటికి కాస్త స్థిమితపడి, "అతనికే రాలేదంటే గొట్టానికి ఇంకా ఏటీ అవలేదు. అయినా రమ్మని రాయి. అంతా వివరంగా రాయి" అన్నారు. తనే రాయొచ్చు కదా! మీ ఆయన ముందు సలాం చెప్పేదాకా కలం ముట్టరట. ఇద్దరూ ఇద్దరే.

వివరాలు నాకు తెలియవు, నువ్వూ అడక్కు. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి అమ్మీ ఉత్తరం ఎలా రాయించేదో నీకు గుర్తుంది కదా. మంచి మాటే కాగితం మీద పెట్టాలి, చెడు మాట రాస్తే అది దారిలోనే వాళ్ళని పట్టుకుంటుంది అనేది. పాలిచ్చే తల్లికైతే అసలు రాయనిచ్చేది కాదు, పాలు ఎండిపోతాయని. నేనూ ఆమె కూతుర్నే. అందుకే మంచి మాటే రాస్తున్నాను. ఒకసారి రండి. మిలాద్ పండక్కి ఇక్కడే అత్తరు అమ్ముకోవచ్చు, దర్గా కొండ ఎక్కేవాళ్ళు మీ బండిని ఖాళీ చేసేస్తారు.

పిల్లని నా బదులు ముద్దాడు.
ఆపా


రాజమండ్రి
13 నవంబరు 1986, జుమేరాత్

ఆపాకి సలాం.

నీ ఉత్తరం కరీం బాషా గారు భద్రంగా దాచి ఇచ్చారు. ఈయనకి చదివి వినిపించాను, వినిపించకుండా ఉంటే బాగుండేది. ఉచితంగా అన్న మాట దగ్గరే పట్టుకున్నారు.

"కంపెనీవోడు ఊరకే ఎవుడికైనా ఏటైనా ఇత్తాడా? బండి తిప్పుకురమ్మనడానికి మీ బావ అల్లిన కత ఇది. కాగితాలు ఆయన పేరునున్నాయి కదా, అక్కడికెళ్తే మరి బండి బయటికి రాదు."

నేను కాదని గట్టిగా చెప్పలేకపోయాను. నిజం చెప్పు ఆపా. ఏడాది పిల్లతో రోడ్ల మీద కాపురం ఏమిటని బావ మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. నువ్వు కూడా వివరాలు తెలియవు, అడక్కు అని రాస్తావు. గంగాధరరావు గారు పూర్తిగా చదివినప్పుడు నువ్వు పక్కన లేవా? బావ మా మంచికే పిలిపిస్తున్నారేమో, కానీ ఇలా సాకు పెట్టి పిలిపిస్తే ఈయన వచ్చే మనిషి కాదు. పోయే దారి ఇంకో నాలుగు ఊళ్ళు పొడిగిస్తారు.

పోనీ నా అవస్థ విను. ఆ పెట్రోలు వాసన ఎక్కువైంది. మధ్యాహ్నం అయ్యేసరికి నా తల పగిలిపోతోంది. షరీఫా రెండు మూడు సార్లు పాలు కక్కింది. ఈయన పళ్ళు వస్తున్నాయి అంటున్నారు. కావచ్చు, చిగుళ్ళు వాచి ఉన్నాయి. నిన్న కోటగుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి చేతి మీద అత్తరు రాయించుకుని, ఇదేమిటి బాబూ పెట్రోలు కంపు కొడుతోంది అన్నాడు. ఈయన ముఖం చూడాలి! కొట్టడానికి వెళ్ళినంత పని చేశారు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఒక్కడూ ఆ మాట అనలేదని, వాడి ముక్కు చెడిందని వీధంతా వినబడేలా అరిచారు. వాడు వెళ్ళాక మాత్రం ఆ సీసా మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నారు. 

అప్పటి నుంచి జుమేరాత్ కోసం ఆగడం లేదు. పొద్దునా సాయంత్రం కుంపటి రాజేసి బండి లోపల సాంబ్రాణి వేస్తున్నారు. పిల్ల పడక కింద నేల మీద గులాబీ అత్తరు కూడా చల్లారు. పొగ ఉన్నంతసేపూ పెట్రోలు వాసన తెలియడం లేదు, ఆ సుఖం దక్కింది.

మిలాద్ అయ్యాక ఏలూరు వెళతాం. అక్కడ పెద్ద మసీదు ఎదురుగా నజ్మా టైలర్స్ అని ఉంటుంది, వాళ్ళకి రాయి. కోపం తెచ్చుకోకు.

మదీనా


విశాఖపట్నం
17 నవంబరు 1986

మదీనా,

ఈ ఉత్తరం కంటే ముందే నీకు టెలిగ్రాం అందాలి. అది చూసి భయపడి ఉంటావు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. నీ ఉత్తరం వచ్చేసరికి మీ బావ ఆటోనగర్‌లో ఉన్నారు. చదవగానే నాగమణిని తోడు తీసుకుని తారాఫీసుకి పరుగెత్తాను. అక్కడ గుమస్తా ఏం రాయమంటారు అని అడిగాడు. ఎలా చెప్పేది? బండితో వెంటనే రండి అని మాత్రం రాయించాను.

ఇప్పుడు నేను చెప్పేది చెప్పినట్టు చెయ్యి. బండిలో సాంబ్రాణి వెయ్యకండి. కుంపటి అసలు బండి దరిదాపుల్లోకి తేవద్దు. స్టవ్ కూడా కిందే వెలిగించు. దావూద్ బీడీ కాలిస్తే రోడ్డు అవతలికి వెళ్ళి కాల్చుకోమను. పిల్లని ఆ పడక మీద పడుకోబెట్టకు. ఎందుకని అడక్కు. పెద్ద చెల్లెలైనా చిన్న చెల్లెలైనా నాకు ఉన్నది నువ్వు ఒక్కదానివే. నా మీద ఒట్టు, నేను చెప్పినట్టు చెయ్యి.

మీ బావ వచ్చి అన్నీ రాశావా అని అడిగారు. రాశానన్నాను. రాసినట్టే కదా. వద్దన్నవన్నీ వద్దని రాశాను. ఆ ఒక్క మాట మాత్రం నా చేత రాయించకు, నాకు చెయ్యి సాగడం లేదు. అమ్మీ ఉండి ఉంటే తనూ రాయనిచ్చేది కాదు.

నిన్న రాత్రి అన్నం దించుకోలేకపోయాను. మీ బావ నా వంక చూసి, దావూద్ ముక్కున్నంతకాలం భయం లేదులే అన్నారు. ఆ మాట పట్టుకునే ఉన్నాను. ఆ మనిషి ముక్కు పచ్చగా ఉండాలని నమాజులో దువా చేస్తానని నేనెప్పుడైనా అనుకున్నానా!

జవాబు వెంటనే రాయి. ఒక్క కార్డు ముక్క చాలు.

ఆపా


ఏలూరు
22 నవంబరు 1986

ఆపాకి,

టెలిగ్రాం, ఉత్తరం రెండూ ఒకేరోజు ఇచ్చారు. టెలిగ్రాం అనగానే టైలరు గారి భార్య నన్ను కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. విప్పి చూస్తే బండితో రండి! ఈయన చదివించుకుని పడీ పడీ నవ్వారు. మనుషులు రాకపోయినా పరవాలేదు, బండి వస్తే చాలు మీవాళ్ళకి అన్నారు. నాకు నవ్వు రాలేదు. 

ఆ తర్వాత నీ ఉత్తరం. సాంబ్రాణి వెయ్యకండి, కుంపటి తేకండి, ఎందుకని అడక్కు. ఎందుకో అడగాలా? ఈయన ఒక్కమాటలో చెప్పేశారు.

"ఇది మీ ఆపా రాత కాదు, నజీర్ భాయ్ సెప్పి రాయించాడు. ఇంట్లో ఫాతిహా మాన్పించేడు, ఇప్పుడు నా బండిలోన మాన్పిత్తాడట."

నాకు నీ మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. బావకి ఆయన పద్ధతి ఉంది, ఉండనీ. మా అత్తగారు చనిపోయేముందు ఈయన చేత ఒట్టు వేయించుకున్నారు, జుమేరాత్ సాంబ్రాణి మానవద్దని. ఆ సంగతి నీకు తెలిసి కూడా పిల్ల పేరు చెప్పి, ఒట్లు పెట్టి, నా చేత మాన్పించాలని చూస్తావా? మతం మాట మతంగా రాస్తే నేనేమైనా అనేదాన్నా?

ఈయన పంతానికి పోయి నిన్న ఇంకా పెద్ద కుంపటి పెట్టారు. ఒక నిప్పు కణిక జారి నేల మీద పడింది. పడినచోట నుంచి పిల్ల పడక కింది దాకా సన్నగా నీలం మంట పాకింది ఆపా, నీళ్ళు ఒలికితే పాకినట్టు. పిల్ల నా చంకలో ఉంది. ఈయన గోనెసంచితో కొట్టి ఆర్పేశారు. చల్లిన అత్తరు అంటుకుంది, ఇక చల్లను అన్నారు.  అత్తరు చల్లి చాలా రోజులైంది, ఇంకా అంటుకుంటుందా అని అడిగితే మంచి అత్తరు అంతే అన్నారు.

ఇదంతా నీకు రాయకూడదనుకున్నాను. ఎవరితో చెప్పుకోను మరి?

రేపు బెజవాడ వైపు వెళుతున్నాం. ఈసారి ఎవరి చిరునామా ఇవ్వద్దని ఈయన అన్నారు. నేనూ ఇవ్వడం లేదు. నువ్వు నిజం రాయాలనుకున్నప్పుడు చూద్దాం.

మదీనా


విశాఖపట్నం
27 నవంబరు 1986

మదీనా, దావూద్,

ఈ ఉత్తరం ఎక్కడ అందితే అక్కడ బండి ఆపండి. పిల్లని తీసుకుని దిగండి. దిగి దూరంగా వెళ్ళాక మిగతాది చదవండి.

బండి అడుగున ట్యాంకు నుంచి ఇంజనుకి పెట్రోలు తెచ్చే రబ్బరు గొట్టం పగులుతోంది. మీ ఒక్క బండికే కాదు, ఈ ఏడు అమ్మిన బండ్లన్నిటికీ. ఎండకీ అదురుకీ పగిలి పెట్రోలు కారుతుందనీ, నిప్పు తగిలితే బండి అంటుకుంటుందనీ కంపెనీ వాళ్ళు మొదటి ఉత్తరంలోనే రాశారు. అప్పటికే రెండు బండ్లు కాలిపోయాయట. ఒకదాంట్లో మనుషులున్నారట. గంగాధరరావు గారు చదివినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ గొట్టం సరిగ్గా షరీఫా పడక కింద నుంచి వెళుతుంది. ఏలూరులో అంటుకున్నది అత్తరు కాదు.

నిప్పు అన్న మాట నేను రాయలేదు. రాస్తే తగులుతుందనుకున్నాను. రాయనందుకే తగలబోయింది.

నీ ఉత్తరం ఈసారి మీ బావ తనే లాక్కుని చదివారు. చదివాక గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయారు. "సాంబ్రాణి వద్దన్నది నా మతం అనుకున్నారా? నాను కట్టిన పెట్టెలో నా చేత్తోనే పిల్లని పడుకోబెట్టేను" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూసింది ఇదే మొదటిసారి.

మాకు మీ చిరునామా లేదు. ఆటోనగర్‌లో బావ దగ్గర లారీ బాగుచేయించుకునే డ్రైవరు గురువులు ఈరోజే మద్రాసు లోడుతో బయల్దేరుతున్నాడు. మీది ఆకుపచ్చ బండి, దాని మీద తెల్ల చందమామ, దారిలో ఏ డ్రైవరు చూసినా చెబుతాడన్నాడు. ఈ ఉత్తరం అతనికిచ్చాను. బావ కంపెనీ వాళ్ళ దగ్గర కొత్త గొట్టం తీసుకుని రేపు రైల్లో బెజవాడకి వస్తున్నారు. అక్కడ లారీ ఆఫీసులో ఆగి మీ కబురు కోసం చూస్తారు. దావూద్, నిన్ను ముందు సలాం చెప్పమని ఆయన అడగడం లేదు. పాత మాటలేవీ అడగరు.

మదీనా, ఇంకొక్క మాట. వాసన లేదని మీ ఆయన ఎన్ని చెప్పినా వినకు. మేమందరం ఆయన ముక్కునే నమ్మాం. నీ ముక్కు నువ్వు నమ్ము.

ఆపా


మంగళగిరి దగ్గర, రోడ్డు పక్క నుంచి
29 నవంబరు 1986

ఆపా,

మేం ముగ్గురం క్షేమం. ముందు ఆ మాట చదువుకుని మంచినీళ్ళు తాగి మిగతాది చదువు.

ఈ పొద్దున టీ పాక పక్కన బండి ఆపుకుని ఉన్నాం. ఈయన బయట కూర్చుని కుంపటి విసురుతున్నారు, రాజుకోగానే లోపలికి తేవాలని. పిల్ల ఆ పడక మీదే నిద్రపోతోంది. అప్పుడు ఒక లారీ మమ్మల్ని దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చింది. గురువులు కిటికీలోంచి కుంపటిని చూసి, కిందికి దూకి, దాన్ని కాలితో తన్ని, రోడ్డు పక్కన ఇసుక దోసిళ్ళతో ఎత్తిపోశాడు. ఈయన మీదికి వెళ్ళబోతే నా చేతికి నీ ఉత్తరం ఇచ్చి, "ముందు సదవండమ్మా, కొట్టడం తరవాత కొడుదురు" అన్నాడు.

మొదటి నాలుగు వరసలు చదివి నేను బండిలోకి పరుగెత్తాను. పిల్లని ఎత్తుకున్నాను. పడక మీద బొంత ఎత్తి చూస్తే కింది వైపు తడిగా ఉంది. రోజూ అది పిల్ల తడిపిందే అనుకుని ఎండలో వేసేదాన్ని. దాన్ని లాక్కుని దిగిపోయాను.

ఈయన అప్పటికీ తనకి వాసనేదీ రాలేదంటూనే ఉన్నారు. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆ బొంత తెచ్చి ముఖానికి ఆనించి, ఇదేం వాసనో చెప్పండి అన్నాను. గట్టిగా పీల్చారు. పీల్చి, బొంత వైపు చూడలేదు ఆపా. నా ముఖం వైపు చూశారు. బేరానికొచ్చిన వాళ్ళ చేతి మీద అత్తరు రాసి వాళ్ళ ముఖం ఎలా చూస్తారో, అలా చూశారు. నాకేం తెలుసునో నా ముఖంలో వెతుక్కుంటున్నట్టు. అప్పుడు నాకు అర్థమైంది.

"నాకు వాసనలు తెలీవు మదీనా. పిల్ల నీ కడుపులో ఉన్నప్పుడు జొరం వచ్చింది సూడు, దాంతో పోయింది. మరి రాలేదు."

ఇంచుమించు రెండేళ్ళు. నాతో కూడా చెప్పలేదు. సీసాలు పెట్టినచోటు చూసి, కొనేవాళ్ళ ముఖం చూసి నెట్టుకొచ్చారు. ముక్కు పోయిన అత్తరువాడి దగ్గర ఎవరు కొంటారు, నువ్వైనా నన్ను మనిషిగా చూస్తావా అని అడిగారు. గురువులు పాపం లారీ చాటుకి వెళ్ళి నిలబడ్డాడు. నేను జాలిపడాల్సిన చోట నాకు జాలి రాలేదు. మమ్మల్ని చంపేసేవారు, ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడి మమ్మల్ని చంపేసేవారు అని అరిచాను. ఔనన్నారు. 

టీ పాక వాళ్ళూ, గురువులూ కలిసి బండిని దూరంగా తోసి, ట్యాంకులో ఉన్నదంతా డబ్బాలోకి దించారు. గురువులు కిందికి దూరి గొట్టం చూపించాడు. గోరు దిగేంత చీలిక, బండి నడిచినప్పుడల్లా అందులోంచి పెట్రోలు నేల చెక్కల సందుల్లోంచి పైకి చిమ్ముతోందట. బెజవాడ వైపు వెళ్ళే ఇంకో డ్రైవరుతో బావకి కబురు పంపాడు, సాయంత్రానికి బావ ఇక్కడుంటారు. నీ మీద కోపం లేదు ఆపా. నేను కూడా చెప్పాల్సింది గట్టిగా చెప్పలేదు. నా ముక్కు నాకు చెబుతూనే ఉంది, నేనే దాని నోరు నొక్కాను. బావని నువ్వు ఏమీ అనకు, ఆయన్ని చూడగానే నేనే ఏడ్చేస్తాను.

ఇప్పుడు మధ్యాహ్నం. టీ పాక వాళ్ళు మంచం వేసిచ్చారు. దాని మీద కూర్చుని రాస్తున్నాను. ఇందాక ఈయన వచ్చి మంచం కోడు దగ్గర కింద కూర్చున్నారు. పిల్లని అడిగితే ఇచ్చాను. దాని తల మీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు.  తర్వాత అడిగారు.

"పుట్టిన కాణ్ణించి దీని వాసన నాకు తెలీదు. దీని తల ఏటి వాసనొస్తాదో కాస్త సెప్పు."

పాల వాసన, కొబ్బరినూనె వాసన అని చెబుదామనుకున్నాను. ఎంతైనా తండ్రి కదా. చెప్పేముందు ఒకసారి వంగి చూశాను. పెట్రోలు వాసన వేస్తోంది ఆపా. అదే చెప్పాను.

మదీనా